తొడ మీద పట్టీ, దుంగ మీద తాడు

పడవ బోల్తా పడ్డాక కూడా దాన్ని వదలకుండా, దానితోపాటే మునిగి దానితోపాటే లేచి రావడం ఒక విద్య. నీటి మీద మనిషి నేర్చిన విద్యలన్నిటిలోనూ నా కంటికి అంతకన్నా అందమైనది ఆనలేదు.

కొండల మధ్య రాళ్ళను ఒరుసుకుంటూ దూకే ఏరు ఊహించుకోండి. అందులో తొమ్మిదడుగుల కెనూ. పైన కప్పు లేని డొప్ప. అందులో ఒక అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో ఒక్క తెడ్డు, దానికి ఒక వైపే రెక్క. రాతి వెనక నుంచి ఎదురు తిరిగి వచ్చే నీటిపాయ పక్క నుంచి తగులుతుంది, పడవ తిరగబడుతుంది. ఒడ్డున ఉన్నవాళ్ళకు నురగలో పడవ అడుగు తప్ప ఇంకేమీ కనిపించదు. ఊపిరి బిగబట్టి చూస్తుండగానే పడవ పక్కన తెడ్డు రెక్క తేలుతుంది. డొప్ప ఒక్క మెలిక తిరుగుతుంది. నడుం వస్తుంది, వీపు వస్తుంది, భుజాలు వస్తాయి, అన్నిటికన్నా ఆఖరున తల వస్తుంది. మరుక్షణం తెడ్డు మళ్ళీ నీట్లో పడుతుంది, ఏమీ జరగనట్టే.

చూసినవాళ్ళు తెడ్డు పనితనాన్ని మెచ్చుకుంటారు, భుజబలాన్ని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది బయటికి కనిపించని రెండు పట్టీల్ని. రెండంగుళాల వెడల్పు నైలాన్ పట్టీలు, తొడకొకటి. అవి లేకపోతే ఆ అమ్మాయి నడుం తిప్పినా పడవ తిరగదు. ఆమె ఒక చోట, పడవ ఒక చోట. ఆ పట్టీలు చూసినప్పుడల్లా నా మనసు మా అనకాపల్లి తీరానికి పోతుంది. పూడిమడక ఒడ్డున దుంగల్ని జతచేసి బిగించే తాళ్ళ దగ్గరికి పోతుంది. దూరాన ఎక్కడో కొండవాగుల్లో పట్టీ బిగించే మనిషికీ, ఇక్కడ ఇసుకలో కూర్చుని తాడు బిగించే మనిషికీ పరిచయం లేదు, పోలికా లేదు. ఇద్దరూ తేల్చుకోవలసిన లెక్క మాత్రం ఒక్కటే: ఎంత గట్టిగా కట్టాలి, ఎంత తేలిగ్గా విప్పాలి.

ముందు పట్టీ సంగతి. కయాక్ అయితే కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. పైకప్పు తొడల్ని పట్టి ఉంచుతుంది. కెనూకు ఆ ఆసరా లేదు. తలకిందులైతే మనిషి జారి నీళ్ళలో పడడమే. అందుకని పడవ నడిమధ్య గట్టి స్పాంజితో చేసిన జీను అతికిస్తారు. దాన్ని రెండు తొడల మధ్య ఇరికించుకుని, మోకాళ్ళను బాగా ఎడంగా చాపి, పడవ అడుగు అటూ ఇటూ పైకి వంపు తిరిగే చోట ఆనిస్తారు. మోకాళ్ళ కింద మెత్తలు. వెనకాల మునివేళ్ళు తన్నిపెట్టి ఉంచడానికి దిమ్మలు. ఆ పైన పట్టీలు: తుంటి పక్కన పడవ గోడ మొదట్లో పుట్టి, తొడ మీదుగా ఏటవాలుగా దిగి, రెండు మోకాళ్ళ మధ్య నేలకు చేరతాయి. మునివేళ్ళతో దిమ్మను తన్నితే మోకాళ్ళు ముందుకు జరిగి తొడలు పట్టీల్లోకి ఇంకా బిగుసుకుంటాయి. వదిలేస్తే సడలుతాయి. పట్టు పూర్తిగా కాలివేళ్ళ చేతిలో ఉందన్నమాట. ఈ అమరిక కనిపెట్టినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

పట్టీ చివర్లు తగిలించేది స్టీలు రింగులకు. ఆ రింగు ఒక గుండ్రటి వినైల్ బిళ్ళలో ఒదిగి ఉంటుంది, బిళ్ళను పడవ అడుక్కి జిగురుతో అతికిస్తారు. పనివాడి మనసు తెలిసేది ఇక్కడే. బిళ్ళ పెట్టి చుట్టూ పెన్సిలు గీత గీస్తాడు. గీత లోపలి మేర సన్నటి గరుకు కాగితంతో రుద్దుతాడు. దుమ్ము తుడిచి, స్పిరిట్‌తో జిడ్డు వదలగొడతాడు. బిళ్ళకూ పడవకూ రెండిటికీ పల్చగా జిగురు రాసి, అది వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగుతాడు. అప్పుడు అంటించి, నడిమి నుంచి అంచుల వైపుకు నొక్కుకుంటూ పోతాడు. లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా, అంచు ఒక్కచోట లేచినా, ఏరు దాన్ని వెతికి పట్టుకుంటుంది. తిరగబడినప్పుడు మనిషి బరువంతా ఆ బిళ్ళల మీదే వేలాడుతుంది మరి. అతికించిన పడవను ఆ రోజే నీట్లోకి దించాలని చేతులు దురద పెడతాయి. దించకూడదు, జిగురు పూర్తిగా ఆరాలి. శిల్పాన్ని చూసి మెచ్చుకునేటప్పుడు శిల్పి ఓర్పును కూడా తలుచుకుంటాం కదా. ఈ బిళ్ళను చూసినప్పుడు కూడా ఆ ఆగినవాణ్ణి తలుచుకోవాలి.

పట్టీ తొడ మీద ఎక్కడ పడాలి? ఈ ప్రశ్న దగ్గర నాకు క్షేమేంద్రుడు గుర్తొస్తాడు. పదకొండో శతాబ్దపు ఈ కాశ్మీర ఆలంకారికుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. మొలనూలు మెడలో వేసుకుని హారం నడుముకు చుట్టుకుంటే ఆ నగలే నవ్వులపాలు చేస్తాయని ఉదాహరణ కూడా చెప్పాడు. పట్టీ సంగతి అచ్చంగా ఇంతే. మోకాలికి దగ్గరగా పడిందా, తలకిందులైన క్షణాన తొడ మీంచి జారి ఊడిపోతుంది. గజ్జలకు దగ్గరగా పడిందా, పట్టు దొరకదు, పైగా దిగాలన్నప్పుడు కాలు బయటికి రాదు. తొడ సగానికి అటూ ఇటూగా ఒక జానెడు చోటు ఉంది. అక్కడ పడితేనే పట్టీ పట్టీ. ఈ జానెడు ఎవరి ఒంటికి వారికి మారుతుంది. పొడుగాటి తొడలవాడి పడవ పొట్టివాడికి పనికి రాదు. అందుకే కెనూవాళ్ళు పడవను ఎరువిచ్చుకోవడానికి అంతగా ఇష్టపడరు. కొన్న పడవైనా పట్టీలు పీకి మళ్ళీ తమ కొలతకు అమర్చుకుంటారు. ఒక వస్తువు ఒక ఒంటికోసమే పుట్టడంలో ఉన్న సౌందర్యం వేరు.

ఇక బిగువు. మా ఊళ్ళో బెల్లం వండేవాళ్ళను అడగండి, పాకం దించే అదును ఎంత ఇరుకో చెబుతారు. లేతగా దించితే దిమ్మ నిలవదు, ముదరనిస్తే గిడసబారుతుంది. పట్టీకి కూడా అంత ఇరుకైన అదును ఉంది. మోకాళ్ళు ఎడంగా చాపి కూర్చున్నప్పుడు బిగుతుగా ఉండాలి, దగ్గరికి చేరిస్తే వదులు కావాలి. అంటే పట్టీని బిగించేది బకిలీ కాదు, భంగిమ. తెడ్డు వేసే భంగిమలో పడవకు అంటుకుపోతాడు. ఆ భంగిమ మానగానే విడిపోతాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. నైలాన్ నీరు పీల్చి సాగుతుంది. ఒడ్డున బిగించిన పట్టీ మొదటి అలకు తడిసి వదులవుతుంది. తెలిసినవాళ్ళు పెద్ద దూకుడు ముందు నిలకడ నీటిలో ఆగి, రెండు పట్టీల కొసల్నీ పట్టుకుని ఒక్క లాగు లాగుతారు. నాట్యం మొదలెట్టే ముందు గజ్జెలు సరిచూసుకున్నట్టు ఉండే ఆ చిన్న కదలిక కోసమే నేను కొన్ని వీడియోలు మళ్ళీ మళ్ళీ చూస్తాను.

పట్టీ ఒక్కటే ఉంటే చాలదు. పడవ ముందు భాగమూ వెనక భాగమూ గాలితిత్తులతో నింపి, అవి ఎగిరిపోకుండా రెండు అంచులకూ రంధ్రాలు చేసి తాడును అటూ ఇటూ అల్లి కట్టేస్తారు. తిత్తి ఉన్న చోట నీరు చేరదు. తిత్తులు లేని పడవ తిరగబడితే వందల లీటర్ల నీళ్ళు లోపల చేరతాయి, అన్ని నీళ్ళతో దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు. ఈ అల్లికను ఎవరూ పొగడరు. నాకు మాత్రం నులకమంచం అల్లే ఓపిక అందులో కనిపిస్తుంది. ప్రతి మలుపులోనూ ఒకే బిగువు, ఎక్కడా ఒక పోగు మీద ఎక్కువ బరువు పడదు.

అసలు లేవడం దగ్గరికి వద్దాం. తలకిందులుగా ఉన్నవాడికి సహజంగా పుట్టే బుద్ధి తల పైకెత్తడం. ఊపిరి కావాలి, వెలుతురు కావాలి. ఆ బుద్ధికి లొంగితే పడవ లేవదు. ఐదు కిలోలకు దగ్గరగా ఉండే తల ముందుగా నీటి పైకి వస్తే, ఆ బరువు మొయ్యడానికి నడుం ఎదురు మెలిక తిరుగుతుంది, పడవ మళ్ళీ బోర్లా పడుతుంది. కనుక ముందు తెడ్డును నీటిపైకి చాపి దాని మీద ఒంటిని తేల్చాలి. తర్వాత నడుంతో పడవను తిప్పాలి. కుడి పక్కన లేవాలంటే కుడి మోకాలినే పైకి లాగాలి; ఆ లాగుడును డొప్పకు చేర్చేది ఆ వైపు పట్టీ. పడవ దాదాపు సరిగా నిలిచాక, ఒళ్ళు నీటి మీద నుంచి ముందుకు జారుతూ పడవ అంచు మీదుగా లోపలికి వస్తుంది. ముక్కు చెక్కకు రాసుకుంటుందా అన్నంత కిందుగా తల వస్తుంది. అప్పటిదాకా ఊపిరి లేదు. అన్నిటికన్నా ముందు రావలసిన తలను అన్నిటికన్నా ఆఖరుకు నిలపడం, అదీ ఊపిరాడని చోట: దీన్ని చూసి చలించకపోతే మనం రసికులం అని చెప్పుకోవడం దేనికి?

ఇక్కడ ఏ రసం ఉందని ఎవరైనా అడిగితే నా సమాధానం వీరం. చూసేవాడికి మొదట భయం వేస్తుంది, నిజమే. కానీ భయం స్థాయిభావంగా నిలిస్తే అది భయానకం అయ్యేది. ఇక్కడ భయం నిలవదు. త్రాసం, ఆవేగం అనే సంచారి భావాలుగా వచ్చి, ధృతికి చోటిచ్చి వెళ్ళిపోతుంది. స్థాయి ఉత్సాహమే. నాట్యశాస్త్రంలో భరతుడు వీరానికి ఉత్సాహాన్ని స్థాయిగా చెప్పడంలోని లోతు నాకు యుద్ధ ఘట్టాలు చదివినప్పటికన్నా నీటి కింద తల వంచుకుని వేచి ఉన్న ఒక మనిషిని చూసినప్పుడు బాగా తెలిసింది. ఇక్కడ గెలవడానికి శత్రువు లేడు. తన తలను తానే ఆపుకోవాలి.

ఈ విద్య పుట్టింది ఆటగా కాదు. గ్రీన్‌లాండ్‌లో ఇన్యుట్ వేటగాళ్ళు తోలు పడవల్లో సీల్ వేటకు పోయేవారు. ఆ నీళ్ళలో పడితే ఈదడానికి సమయం ఉండదు, చలి చంపేస్తుంది. కనుక పడవతోపాటే లేవడం నేర్చారు, అదీ ఒక పద్ధతిలో కాదు, చెయ్యి ఇరుక్కుంటే ఒకటి, తెడ్డు పోతే ఒకటి, ఎన్నో రకాలుగా. పొడినేల మీద సాధన కోసం తాళ్ళు వేలాడదీసి, వాటిలో ఒంటిని మెలిపెట్టి తిప్పే ఆటలు కల్పించుకున్నారు. అక్కడి కయాక్ పోటీల్లో ఈ తాళ్ళ విన్యాసం ఇప్పటికీ ఒక అంశం. పడవతో లేవడానికి అభ్యాసం తాటి మీద! 1927లో ఆస్ట్రియా దేశస్థుడు పావ్లాటా, వేటగాళ్ళ గురించి చదువుకున్న దాన్నిబట్టి తనంతట తాను ప్రయత్నించి ఒక సరస్సులో లేవగలిగాడు. యూరప్‌లో దానికి అదే నాంది. కొన్నేళ్ళకు ఇంగ్లండు యువకుడు గీనో వాట్కిన్స్ గ్రీన్‌లాండ్ వెళ్ళి అక్కడివాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు. 1932లో ఒంటరిగా వేటకు పోయి తిరిగి రాలేదు. 1972 ఒలింపిక్స్‌లో ఔగ్స్‌బర్గ్ కాలువలో కెనూ స్లాలం అనే ఉరకల నీటి పోటీ మొదటిసారి పెట్టారు, మళ్ళీ ఇరవై ఏళ్ళకు బార్సిలోనాలో పెట్టారు. మోకాళ్ళ మీద కూర్చుని ఒంటి తెడ్డు వేసే విభాగం ఆడవాళ్ళకు దక్కింది టోక్యోలోనే. అమెరికాకు చెందిన జాన్ లగ్‌బిల్ 1979 నుంచి 1989 లోపు మగవాళ్ళ ఒంటి తెడ్డు విభాగంలో ఐదుసార్లు ప్రపంచ విజేత. పోటీ కెనూలకు పైకప్పు ఉంటుంది, అయినా లోపల పట్టీలు ఉండవలసిందే.

ఇప్పుడు మా తీరం.

అనకాపల్లి పక్కనుంచే పారే శారద నది కొండల్లో పుట్టి, రైవాడ దగ్గర ఆనకట్టకు ఆగి, రాంబిల్లి వైపు సముద్రంలో కలుస్తుంది. అందులో కెనూలు దూకవు. వానాకాలం వరద తప్పితే ఇసుకే ఎక్కువ. మా దగ్గర ఉరకలు వేసే నీళ్ళు కావాలంటే సముద్రపు ఒడ్డుకే పోవాలి. ముత్యాలమ్మపాలెం, పూడిమడక, బంగారమ్మపాలెం, రేవుపోలవరం, రాజయ్యపేట, పెంటకోట: ఈ పేర్ల వెంబడి సాగే తీరంలో చాలాచోట్ల పడవ కట్టేసుకోవడానికి నిలకడ నీళ్ళు లేవు. ఇసుక, ఆ వెంటనే విరిగే కెరటాలు. లోపలికి పోవాలన్నా, తిరిగి రావాలన్నా ఆ కెరటాల వరస దాటాల్సిందే. గుల్లగా ఉండే పడవ అక్కడ నీళ్ళు నిండి మునుగుతుంది. అందుకని మనవాళ్ళు గుల్ల లేని పడవ చేసుకున్నారు. అదే తెప్ప.

నాలుగైదు తేలిక మానులు. ముందు కొసలు పైకి వంపు తిరిగేలా చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగిస్తారు. అంతే. మేకుల్లేవు, అతుకుల్లేవు. కెరటం పైన పడితే నీళ్ళు దుంగల సందుల్లోంచి కిందికి దిగిపోతాయి. తోడాల్సిన పని లేదు. నిండడానికి గుల్లే లేనప్పుడు మునగడం అన్న మాటే లేదు. తిరగబడినా తేలుతూనే ఉంటుంది. నీళ్ళలో పడ్డవాళ్ళు ఒక పక్క ఎత్తి ఇంకో పక్క లాగి తిప్పుకుని మళ్ళీ ఎక్కుతారు. తెప్ప మీద కెరటాల వరస దాటేవాళ్ళను చూడండి. తొందరపడరు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి విరిగి, మధ్యలో ఒక సందు దొరికేదాకా మోకాలి లోతు నీళ్ళలో తెప్పను పట్టుకుని నిలబడతారు. సందు దొరికిందా, ఒక్క తోపు, ఒక్క గెంతు, ఇక తెడ్లు ఆగవు. ఆ ఆగడంలో ఎంత అందం ఉందో, ఆ గెంతులో అంతే ఉంది.

మద్రాసు ప్రభుత్వంలో మత్స్యశాఖ డైరెక్టరుగా ఉన్న జేమ్స్ హార్నెల్ భారతదేశపు పడవల తీరుతెన్నుల మీద 1920లో పెద్ద వ్యాసం రాశాడు. బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ వేసింది. తెప్పల్ని ఆయన మోటు వస్తువులుగా కొట్టిపారెయ్యలేదు, శ్రద్ధగా వివరించాడు. మన తీరంలోనే కొబ్బరిపీచు తాడుతో పలకలు కుట్టి చేసే మసూలా పడవ గురించి కూడా ఆ కాలపు ప్రయాణికులు ఎందరో రాశారు. పలకల అతుకు మీద ఎండుగడ్డి పెట్టి, దాని మీదుగా తాడుతో కుట్టుకుంటూ పోతారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు ఎక్కడో అక్కడ పగులుతుంది. కుట్టిన పడవ వంగుతుంది, ఇంకో దెబ్బకు సిద్ధమవుతుంది. కట్టులో ఉన్న ఈ మెత్తదనమే బలం అని మన తీరం ఎప్పుడో తెలుసుకుంది.

తెప్ప తాళ్ళను దగ్గర నుంచి చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే ఆశ్చర్యం. తాడు దుంగల మీదుగా పోయి, కింద నుంచి తిరిగి, సందుల్లోంచి పైకి వచ్చి, తన మీద తానే చుట్టుకుని ఇంకా బిగుస్తుంది. ఒక్కో చుట్టు ముందు చుట్టును తొక్కి పడుతుంది. నారతాడు అయితే తడిసి ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. నైలాన్ పట్టీకి పూర్తిగా ఎదురు గుణం! అక్కడ నీళ్ళు కట్టును సడలిస్తాయి, ఇక్కడ నీళ్ళే కట్టుకు ఆఖరి బిగువు ఇస్తాయి. ఇంత బిగించిన తెప్పను ఒడ్డుకు చేరాక విప్పేస్తారు. మాను నీరు పీలుస్తుంది. పీల్చిన మాను బరువెక్కుతుంది, తేలడం తగ్గుతుంది. అందుకని దుంగలు విడదీసి ఇసుక మీద ఎండబెడతారు. మళ్ళీ వేటకు పోయేటప్పుడు కడతారు. అంటే ఈ పడవ ఒడ్డున ఉన్నప్పుడు పడవ కాదు, కొన్ని మానులు, ఒక తాటిచుట్ట. సముద్రం మీద ఉన్నంతసేపే పడవ.

పూడిమడకలో తాడు సర్దుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని అడిగాను, "ఇంత బిగిసిపోయిన ముడి మళ్ళీ ఎలా విప్పుతారు తాతా?" అని. ఆయన చేతిలో పని ఆపలేదు. "బేగి ఇప్పలేని ముడి ముడేటి బాబూ? ఇప్పీదెలాగో ముందు సూసుకొనే కడతాం" అన్నాడు. అని, ఒక కొసను పట్టుకుని రెండుసార్లు వెనక్కి తోసి, ఒక్క లాగు లాగాడు. అప్పటిదాకా నా గోరు కూడా దూరని ముడి చేతిలో తాడుగా మారిపోయింది. ఆ ఒక్క లాగులోని అందం గురించి చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

కెనూ పట్టీల విషయంలో కూడా నిపుణులు అన్నిటికన్నా పట్టుబట్టేది ఇక్కడే. పట్టీ ఎంత బిగుతుగా పట్టిందని కాదు, ఒక్క లాగుకు విడిపోతుందా లేదా అని చూస్తారు. బకిలీ కొసకు వేళ్ళు దూరేంత ఉచ్చు కట్టి ఉంచుతారు. మంచునీళ్ళలో మొద్దుబారిన చెయ్యి కూడా దాన్ని తడిమి పట్టుకోవాలి. ముందు పొడినేల మీద, తర్వాత నిలకడ నీళ్ళలో తలకిందులై బయటపడడం సాధన చేస్తారు. బూటు జీను కింద ఇరుక్కోదని చూసుకుంటారు. ఇంత చేశాక కూడా ఛాతీ మీద చిన్న కత్తి పెట్టుకుంటారు, ఏమీ పని చెయ్యకపోతే కోసుకోవడానికి. ఏటికి అడ్డంగా పడిన చెట్టు కింద పడవ ఇరుక్కుంటే లేవడానికి చోటే ఉండదు, అప్పుడు మనిషి పడవను వదిలెయ్యాలి, వెంటనే. ఒకే పట్టీ ఒక క్షణంలో ప్రాణం నిలుపుతుంది, ఇంకో క్షణంలో ప్రాణం తీస్తుంది. మా గాలాలవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. పెద్ద చేప తగిలిన తాడు చేతికి చుట్టుకుంటే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

అయినా ఈ రెండు కట్లూ ఒకటి కావు, వాటి మధ్య ఉన్న తేడానే నన్ను ఎక్కువగా పట్టుకుంది. కెనూలో డొప్ప అంతా ఒకే ముక్క, కట్టవలసింది మనిషిని. తెప్పలో వల కడతారు, లంగరు కడతారు, సద్దితపేలా కూడా దుంగకు కట్టేస్తారు. కట్టకుండా వదిలేది మనిషి ఒక్కణ్ణే. కెనూ మనిషిని తనలో ఒక అవయవంగా చేసుకుని లేపుతుంది. తెప్ప మనిషిని పడనిస్తుంది, పడి ఈదనిస్తుంది, తను మాత్రం తేలుతూ పక్కనే ఉంటుంది, వచ్చి ఎక్కమన్నట్టు. మొదటిదాన్ని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండోదాన్ని చూస్తే ధైర్యం కలుగుతుంది. ఎంచుకోమంటే నేను తెప్ప కట్టునే ఎంచుకుంటాను. పట్టీ బిళ్ళ ఒకసారి అతికిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ పనివాడి ప్రతిభ ఒక్కరోజు కనబడి దాక్కుంటుంది. తెప్ప కట్టేవాడు తన ప్రతిభను ప్రతి వేటకూ కొత్తగా చూపించాలి. నిన్నటి ముడి ఇవాళ లేదు. ఇవాళ చేతిలో ఉన్నదే విద్య. మన హరికథకుడు ఎన్నిసార్లు చెప్పిన కథనైనా ప్రతి రాత్రీ మళ్ళీ గొంతులోంచి పుట్టించినట్టే. పక్షపాతం ఉందంటే ఒప్పుకుంటాను, నా తీరం కదా. కానీ పక్షపాతం పక్కన పెట్టి చూసినా ఇదే తీర్పు చెబుతాను.

ఇప్పుడు ఆ ఒడ్డున ఎక్కువగా కనిపించేవి ఫైబర్ బోట్లు. వెనక ఇంజన్, ముందు జీపీఎస్. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. దుంగలు దొరకడం కష్టం, మొయ్యడం ఇంకా కష్టం. దూరం పోతేగానీ చేప దొరకని రోజుల్లో తెడ్డుతో బతకమనడం ఒడ్డున కూర్చున్నవాడి ముచ్చట. కెనూవాళ్ళకు కూడా ఇలాంటి మార్పే వచ్చింది: రాళ్ళకు కొట్టుకున్నా సొట్ట తేరుకునే రాయలెక్స్ అనే పదార్థం మీద ఒక తరమంతా పడవలు చేసుకుంది. 2013లో దాన్ని తయారుచేసే కంపెనీ చేతులు మారాక ఉత్పత్తి ఆగిపోయింది. పడవలు మారాయి. పట్టీలూ బిళ్ళలూ కొత్త డొప్పల్లోకి నడిచి వెళ్ళాయి. ఎందుకంటే వాటిని ఎక్కడ పెట్టాలో, ఎంత బిగించాలో, ఎలా విప్పాలో వాళ్ళు అంగుళాలతో సహా రాసిపెట్టుకున్నారు, బొమ్మలు గీసుకున్నారు, కొత్తవాళ్ళకు నేర్పారు.

తెప్ప ముళ్ళకు కూడా అంత పని జరగాలి, అదీ తెలుగులో. ఇంజను పడవలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ పెద్దవాళ్ళు నీడన కూర్చుంటారు. అప్పుడు ఎవరైనా ఒక కెమెరా, ఒక కాగితం, ఒక తాటిముక్క పట్టుకుని పెంటకోట నుంచి ముత్యాలమ్మపాలెం దాకా తిరగాలి. ప్రతి ముడినీ చుట్టు చుట్టుకూ ఫొటో తియ్యాలి. ఎన్ని చుట్లు, ఏ కొస ఎటు, ఏ తాడు తడిస్తే ఎంత బిగుస్తుంది, అన్నీ కట్టేవాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. ఆ పుస్తకంలో ప్రతి ముడికీ విప్పే పద్ధతి ముందు వెయ్యాలి, కట్టే పద్ధతి ఆ తర్వాత.